యంత్రస్మృతి – 6వ భాగం: తొమ్మిదో చిప్

మెమరీలో దాచిన అంకె ఎవరి ప్రమేయమూ లేకుండా మారిపోవడానికి గల కారణాన్ని 1978లో ఇంటెల్ పరిశోధకులు తిమోతీ మే, ముర్రే వుడ్స్ కనుగొన్న వైనాన్ని గత భాగం వివరించింది. చిప్‌ను కప్పి ఉంచే పింగాణీ తొడుగులో లేశమాత్రంగా కలిసిన యురేనియం, థోరియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలు లోపలి విద్యుదావేశాన్ని చెదరగొడుతున్నాయని వారు తేల్చారు. ఆ మరుసటి ఏడాదే ఐబీఎం శాస్త్రవేత్త జేమ్స్ జీగ్లర్, విలియం లాన్‌ఫర్డ్‌తో కలిసి, అంతరిక్షం నుంచి భూమిమీదికి నిరంతరం కురిసే విశ్వకిరణాలు కూడా అదే పని చేయగలవని లెక్కగట్టి చూపారు. అంతకు చాలా ముందే, 1950లో, బెల్ ప్రయోగశాలకు చెందిన రిచర్డ్ హామింగ్ తప్పును పట్టుకోవడంతో ఆగక దిద్దగలిగే సంకేతాలను ప్రచురించడమూ, 1961 నాటి ఐబీఎం స్ట్రెచ్ యంత్రం అటువంటి సంకేతాలను తన మెమరీకి కాపలా పెట్టుకోవడమూ పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

1980 నాటికి బ్యాంకులూ, బీమా సంస్థలూ, ప్రభుత్వ శాఖలూ వాడే పెద్ద కంప్యూటర్లలో మెమరీ దోష పరీక్ష తప్పనిసరి అంగంగా స్థిరపడింది. లక్షల మంది ఖాతాలను మోసే యంత్రం తాను చదువుతున్న అంకె తాను రాసుకున్న అంకేనా కాదా అని ప్రతిసారీ సరిచూసుకోవాలన్న నియమాన్ని ఆ రంగంలో ఎవరూ ప్రశ్నించలేదు. ఆ రక్షణ బల్లమీది చిన్న కంప్యూటర్‌లోకి ఎలా ప్రవేశించింది, పదిహేనేళ్లపాటు ఎలా నిలిచింది, తప్పును పట్టుకునే దశ నుంచి తప్పును దిద్దే దశకు అదనపు ఖర్చు లేకుండా ఎదగగలిగిన సమయంలోనే ఎందుకు తొలగిపోయింది అన్నది ఈ భాగానికి విషయం.

కథలోకి వెళ్లేముందు మెమరీ నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. 1968లో ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్ పేటెంటు పొందిన పద్ధతిలో ఒక్కో బిట్‌ను, అంటే ఒక సున్నాను గానీ ఒకటిని గానీ, ఒక ట్రాన్సిస్టరూ దానికి జోడించిన అతి చిన్న కెపాసిటరూ కలిసి దాస్తాయి. స్థూలంగా చెప్పాలంటే కెపాసిటర్‌లో ఆవేశం నిండి ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. చిల్లుకుండలోని నీటిలా ఆ ఆవేశం కారిపోతూనే ఉంటుంది కనుక కొన్ని మిల్లీసెకన్లకొకసారి యంత్రం దాన్ని చదివి మళ్లీ నింపుతూ ఉండాలి. ఇంత సున్నితమైన ఏర్పాటులో రెండు రకాల దోషాలు పుడతాయి. మొదటిది తాత్కాలిక దోషం: ఒక కణం తాకిడికో, విద్యుత్ సరఫరాలోని ఒడిదుడుకుకో బిట్ ఒకసారి తలకిందులవుతుంది, తిరిగి రాస్తే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. రెండోది శాశ్వత దోషం: చిప్‌లోని ఒక గడి గానీ, వరస గానీ, బయటి అతుకు గానీ పాడైపోయి, అదే చోట మళ్లీ మళ్లీ తప్పు వస్తుంది. మొదటి రకం శాస్త్రవేత్తలను ఆకర్షించింది. వాడుకదారులను ఎక్కువగా బాధపెట్టింది రెండోదే.

1981 ఆగస్టు 12న ఐబీఎం తన తొలి పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించింది. ఫ్లోరిడా రాష్ట్రంలోని బోకా రాటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వాన పనిచేసిన చిన్న బృందం దాదాపు ఏడాదిలోనే దాన్ని పూర్తిచేయగలిగిందంటే, సంస్థ సంప్రదాయాన్ని పక్కనబెట్టి ప్రాసెసర్‌ను ఇంటెల్ నుంచీ, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ నుంచీ, మిగిలిన భాగాలలో చాలావాటిని బయటి మార్కెట్ నుంచీ తెచ్చుకోవడమే అందుకు కారణం. అన్నిటిలోనూ పొదుపు పాటించిన ఆ బృందం ఒక్కచోట మాత్రం మాతృసంస్థ అలవాటును వదులుకోలేదు. 16 కిలోబైట్ల మెమరీకి ఆ రోజుల్లో ఎనిమిది చిప్‌లు సరిపోతాయి. ఐబీఎం తొమ్మిది పెట్టింది. మదర్‌బోర్డు మీది నాలుగు వరసలూ నింపితే 64 కిలోబైట్లకు మొత్తం 36 చిప్‌లు పడతాయి, వాటిలో నాలుగింటిలో వాడుకదారుడి సమాచారం ఒక్క బిట్ కూడా ఉండదు. ప్రారంభ ధర 1,565 డాలర్లుగా నిర్ణయించుకుని ప్రతి భాగం ఖర్చునూ తూచి చూసుకున్న యంత్రంలో ఇది చిన్న నిర్ణయం కాదు.

ఆ తొమ్మిదో చిప్ చేసే పరీక్షను పారిటీ అంటారు. ఎనిమిది బిట్లున్న ఒక బైట్‌ను మెమరీలో రాసేటప్పుడు అందులో ఒకట్లు ఎన్ని ఉన్నాయో యంత్రం లెక్కిస్తుంది; తొమ్మిదో బిట్‌ను కూడా కలుపుకుంటే ఒకట్ల సంఖ్య ఎప్పుడూ బేసిగా ఉండేలా ఆ బిట్‌ను నిర్ణయిస్తుంది. ఇంగ్లీషు అక్షరమాలలోని పెద్ద 'ఏ' సంకేతం 01000001. అందులో ఒకట్లు రెండు కనుక తొమ్మిదో బిట్ ఒకటి అవుతుంది. తిరిగి చదివేటప్పుడు తొమ్మిది బిట్లలోనూ కలిపి ఒకట్లు సరిసంఖ్యలో కనబడితే ఎక్కడో ఒక బిట్ మారిందని తెలుస్తుంది. ఏ బిట్ మారిందో మాత్రం తెలియదు కాబట్టి దిద్దే అవకాశం లేదు. ఒకే బైట్‌లో రెండు బిట్లు మారితే ఒకట్ల సంఖ్య మళ్లీ బేసికే వస్తుంది కాబట్టి అసలు తప్పు జరిగిన సంగతే తెలియదు. ఈ పరిమితులు ఐబీఎం ఇంజనీర్లకు బాగా తెలుసు. తమ సిస్టమ్/370 వంటి పెద్ద యంత్రాలలో వారు దిద్దుబాటు సంకేతాలనే వాడుతున్నారు. అయితే ఒకేసారి ఎనిమిది బిట్లను మాత్రమే చదివే చిన్న యంత్రంలో దిద్దుబాటుకు కావలసిన చిప్‌లు మరీ ఎక్కువ కావడంతో పారిటీతో సరిపెట్టుకున్నారు.

పరీక్ష విఫలమైతే యంత్రం చేసే పని కఠినంగా ఉండేది. ప్రాసెసర్‌కు తోసిపుచ్చడానికి వీల్లేని అంతరాయ సంకేతం అందుతుంది. అప్పటిదాకా నడుస్తున్న ప్రోగ్రాం ఆగిపోతుంది. తెరమీద 'పారిటీ చెక్ 1' అనో 'పారిటీ చెక్ 2' అనో కనబడుతుంది. మొదటిదానికి దోషం మదర్‌బోర్డు మీది మెమరీలో ఉందనీ, రెండోదానికి అదనంగా గుచ్చిన కార్డులోని మెమరీలో ఉందనీ అర్థం. అంతటితో యంత్రం బిగుసుకుపోతుంది. స్విచ్ ఆపి మళ్లీ వేయడం తప్ప గత్యంతరం లేదు. 1983 జనవరిలో లోటస్ 1-2-3 అనే పట్టికల ప్రోగ్రాం విడుదలయ్యాక అమెరికా కార్యాలయాలలో ఐబీఎం పీసీల వాడకం ఒక్కసారిగా పెరిగింది. జమాఖర్చులూ, జీతాల లెక్కలూ, అమ్మకాల అంచనాలూ కాగితం మీది నుంచి తెరమీదికి చేరాయి. మధ్యాహ్నమంతా కూర్చుని నింపిన పట్టికను ఫ్లాపీలో భద్రపరిచేలోపే ఆ రెండు మాటలు తెరమీదికొస్తే కూర్చున్న ఉద్యోగికి కలిగే కోపాన్ని అర్థం చేసుకోవచ్చు. ఆ కోపం చెడిన చిప్ మీదికి కాక, చెడిందని చెప్పిన పరీక్ష మీదికి మళ్లింది. చరిత్రలో తర్వాత జరిగినదంతా ఈ పొరపాటు భావనకు ఎంతో కొంత రుణపడి ఉంది.

పోటీదారులు వేరే దారి పట్టారు. ఆపిల్ 2లో పారిటీ లేదు, కమొడోర్ 64లో లేదు, 1984 జనవరిలో వచ్చిన తొలి మాకింటాష్‌లోనూ లేదు. ఆ మాకింటాష్‌లోని 128 కిలోబైట్లు సరిగ్గా 16 చిప్‌లలో ఇమిడాయి. ఈ పక్షం వాదనలో కొంత బలం ఉందని ఒప్పుకోవాలి. పారిటీ తప్పును దిద్దదు, కేవలం పనిని ఆపుతుంది. పైగా తొమ్మిదో చిప్ కూడా చిప్పే కాబట్టి అది కూడా చెడుతుంది. సమాచారం నిక్షేపంగా ఉన్నా తొమ్మిదో బిట్ మాత్రమే మారినప్పుడు యంత్రం అనవసరంగా ఆగుతుంది. బొమ్మ గీసుకునేవారికో ఆట ఆడుకునే పిల్లవాడికో ఒక చుక్క రంగు మారితే వచ్చే నష్టమేమీ లేదు. ఈ వాదన ఇంటి కంప్యూటర్‌కు చెల్లుతుంది. అదే యంత్రం ఆఫీసు బల్ల మీదికి చేరి లెక్కలు కట్టడం మొదలుపెట్టాక మాత్రం, ఆగిపోయే యంత్రానికీ తప్పు లెక్కను సరైనదిగా చూపించే యంత్రానికీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. ఆగినప్పుడు పోయేది కొన్ని గంటల శ్రమ. తప్పు లెక్క భద్రపడితే దాని మీద ఎన్ని నిర్ణయాలు నిలబడతాయో చెప్పడం కష్టం. ఆపిల్ సైతం 1989 నాటి మాకింటాష్ టూ-సీఐలో పారిటీని ఐచ్ఛికంగా అందించింది.

ఐబీఎం నమూనాను అనుసరించిన క్లోన్ యంత్రాలు, అంటే కాంపాక్ మొదలైన సంస్థలు తయారుచేసిన అనుకరణలు, తొమ్మిదో చిప్‌నూ అలాగే అనుసరించాయి. ఆ రోజుల్లో అనుకూలత అన్నదే క్లోన్‌కు ప్రాణం కాబట్టి మూలయంత్రంలో ఉన్నదేదీ తీసేసే ధైర్యం ఎవరికీ లేదు. విడివిడి చిప్‌ల స్థానంలో చిన్న పలక మీద చిప్‌లను అమర్చి గుచ్చుకునే సిమ్ అనే మాడ్యూళ్లు వచ్చినప్పుడు కూడా పీసీలకు తొమ్మిది బిట్లవీ, మాకింటాష్‌లకు ఎనిమిది బిట్లవీ వేర్వేరుగా అమ్ముడయ్యేవి. తర్వాతి తరం మాడ్యూళ్లలో అదే తేడా 36 బిట్లూ 32 బిట్లూగా కొనసాగింది. ఇలా 1980ల చివరిదాకా తొమ్మిదో చిప్ స్థానం చెక్కుచెదరలేదు.

దాన్ని కదిలించినది మెమరీ ధర. 1970లో తన 1103 చిప్‌తో ఈ మార్కెట్‌కు పునాది వేసిన ఇంటెల్ సంస్థే జపాన్ పోటీకి నిలవలేక 1985లో మెమరీ చిప్‌ల తయారీ మానేసి ప్రాసెసర్ల వైపు పూర్తిగా మళ్లింది. 1986లో అమెరికా, జపాన్ ప్రభుత్వాల మధ్య సెమీకండక్టర్ వాణిజ్య ఒప్పందం కుదిరింది. 1988 నాటికి మెమరీ చిప్‌లకు తీవ్రమైన కొరత ఏర్పడి కంప్యూటర్ తయారీదారులు అడిగినంత సరుకు దొరక్క ఇబ్బందిపడ్డారు. ఆ తర్వాత ధరలు తగ్గుతున్న దశలో 1993 జూలైలో జపాన్‌లోని నీహామాలో సుమితోమో కెమికల్ కర్మాగారంలో పేలుడు జరిగింది. చిప్‌లను కప్పే ప్లాస్టిక్ తొడుగులకు అవసరమైన ఒక రకం రెసిన్‌లో ప్రపంచ ఉత్పత్తిలో సగానికి పైగా అక్కడి నుంచే వచ్చేది కనుక, ఆ వార్తతోనే మెమరీ ధరలు ఎగబాకాయి. 1995 ఆరంభంలో ఒక మెగాబైట్ 30 డాలర్లకు కాస్త అటూ ఇటూగా ఉండేది. 16 మెగాబైట్ల యంత్రంలో మెమరీ ఖర్చే దాదాపు 500 డాలర్లు కాగా, పారిటీ కోసం మరో ఎనిమిదో వంతు, అంటే 60 డాలర్లు అదనంగా పెట్టాలి. 1992లో కాంపాక్ ప్రారంభించిన ధరల యుద్ధం తర్వాత పదీ ఇరవై డాలర్ల తేడాతో కొనుగోలుదారు ఇంకో సంస్థవైపు మళ్లిపోతున్న మార్కెట్‌లో 60 డాలర్లు పెద్ద మొత్తం.

ఈ ఒత్తిడి ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఆనాటి నకిలీ పారిటీ మాడ్యూళ్లే సాక్ష్యం. పలక మీద తొమ్మిది చిప్‌లు కనబడేవి, లేదా తొమ్మిదికి సమానమైన ఏర్పాటు ఉన్నట్టు తోచేది. నిజానికి తొమ్మిదోది మెమరీయే కాదు. యంత్రం ఒక బైట్‌ను చదివినప్పుడల్లా ఆ క్షణాన మెమరీలో ఏముందో చూసి, దానికి సరిపడే పారిటీ బిట్‌ను అప్పటికప్పుడు తయారుచేసి ఇచ్చే చవక చిప్ అది. లోపలి బిట్లు ఎన్ని మారినా పరీక్ష ఎప్పుడూ నెగ్గుతూనే ఉంటుంది. పారిటీ మాడ్యూలు లేనిదే పనిచేయని మదర్‌బోర్డులకు చవక మెమరీ గుచ్చుకునే ఉపాయంగా వీటిని కొందరు తెలిసే కొన్నారు. అసలు పారిటీ అనుకుని పూర్తి ధర చెల్లించినవారికి మాత్రం అది మోసం. రక్షణ లేకపోవడం కంటే లేని రక్షణ ఉన్నట్టు నమ్మించడం మరింత హానికరమైన పని. అదే కాలంలో అనేక క్లోన్ యంత్రాల సెటప్ తెరలో పారిటీ పరీక్షను ఆపివేసే వీలు కూడా కల్పించారు; తెరమీద వచ్చే రెండు మాటల బెడద వదిలించుకోవడానికి చాలామంది ఆ మార్గాన్నే ఎంచుకున్నారు.

ఇక్కడ హామింగ్ గణితం దగ్గరకు ఒకసారి తిరిగి వెళ్లాలి, ఎందుకంటే ఈ కథలోని అసలు విషాదం అందులోనే ఉంది. ఒక బిట్ తప్పును దిద్ది, రెండు బిట్ల తప్పును కనీసం గుర్తించగలిగే సంకేతాన్ని ఈసీసీ అని పిలుస్తారు. దీనికి ఎనిమిది బిట్ల సమాచారానికి ఐదు పరీక్ష బిట్లు కావాలి. సమాచారం 32 బిట్లయితే ఏడు చాలు. 64 బిట్లయితే ఎనిమిది చాలు. ఒకేసారి చదివే సమాచారం వెడల్పయ్యేకొద్దీ దిద్దుబాటు ఖర్చు నిష్పత్తిలో వేగంగా తగ్గుతూ వస్తుంది. మరోవైపు పారిటీకి ఎప్పుడూ ఎనిమిది బిట్లకు ఒక బిట్ చొప్పున కావాలి, 64 బిట్లకు ఎనిమిది. అంటే 64 బిట్ల వెడల్పు దగ్గర రెండు పద్ధతుల ఖర్చూ సరిగ్గా సమానమవుతుంది. 1981 నాటి ఐబీఎం పీసీ మెమరీ వెడల్పు ఎనిమిది బిట్లు. 386, 486 యంత్రాలది 32. 1993 మార్చిలో విడుదలైన ఇంటెల్ పెంటియం మెమరీతో 64 బిట్ల వెడల్పున మాట్లాడింది. పన్నెండేళ్లుగా తప్పును చూసి యంత్రాన్ని ఆపడం తప్ప మరేమీ చేయలేకపోయిన ఆ తొమ్మిదో చిప్, ఒక్క పైసా అదనపు మెమరీ ఖర్చు లేకుండా తప్పును అక్కడికక్కడే సరిచేసి పనిని సాగనివ్వగల స్థితికి చేరింది. ఆపిల్ పక్షం పారిటీ మీద పెట్టిన ప్రధాన అభ్యంతరం అంతటితో తొలగిపోయింది. సరిగ్గా ఆ సమయంలోనే మార్కెట్ దాన్ని పీకేసింది.

ఆ మలుపు ప్రాసెసర్‌లో కాక చిప్‌సెట్‌లో జరిగింది. ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య నిలిచి రాకపోకలు నడిపే సహాయక చిప్‌ల సమూహాన్ని చిప్‌సెట్ అంటారు. పారిటీని లెక్కించాలన్నా పోల్చాలన్నా ఆ కాలంలో అదే చేయాలి. పెంటియం తొలి చిప్‌సెట్లలో పారిటీ ఉంది. 1995 ఆరంభంలో ట్రైటన్ అనే పేరుతో ఇంటెల్ తెచ్చిన 430ఎఫ్ఎక్స్‌లో లేదు. వేగంగానూ చవకగానూ ఉన్న ఆ చిప్‌సెట్ మీద ఎన్నో సంస్థలు తమ యంత్రాలను నిర్మించాయి. వాటిలో తొమ్మిది బిట్ల మాడ్యూలు గుచ్చినా తొమ్మిదో బిట్‌ను పట్టించుకునే నాథుడు లేడు. 1996లో ఇంటెల్ ఒకేసారి రెండు చిప్‌సెట్లు విడుదల చేసింది. ఖరీదైన 430హెచ్ఎక్స్ మామూలు పారిటీ మాడ్యూళ్ల జంటతోనే పూర్తి ఈసీసీని అందించింది, అంటే పై గణితం కాగితం మీది నుంచి నిజమైన యంత్రంలోకి దిగింది. ఇళ్ల కోసం ఉద్దేశించిన 430వీఎక్స్‌లో పారిటీ కూడా లేదు. ఆఫీసుకొక కంప్యూటర్, ఇంటికొక కంప్యూటర్ అనే గీత ఇలా మొదటిసారి మెమరీ దగ్గర గీయబడింది.

ఆ కాలక్రమాన్ని మరో సంఘటన పక్కన పెట్టి చూడటం అవసరం. 1994లో వర్జీనియాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ, పెంటియం ప్రాసెసర్ కొన్ని భాగహారాలలో తప్పు జవాబు ఇస్తోందని కనిపెట్టి లోకానికి చెప్పారు. యాదృచ్ఛికంగా తీసుకున్న తొమ్మిది వందల కోట్ల భాగహారాలలో ఒకటి మాత్రమే తప్పుతుందని ఇంటెల్ చెప్పినా జనం ఊరుకోలేదు. డిసెంబరులో ఐబీఎం ఆ ప్రాసెసర్లున్న యంత్రాల సరఫరాను ఆపింది. చివరికి అడిగిన ప్రతివారికీ ప్రాసెసర్ మార్చి ఇస్తామని ప్రకటించిన ఇంటెల్ అందుకు 47.5 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కలో చూపింది. లెక్క తప్పకూడదన్న పట్టుదల ప్రజలలో ఉందని ఇంతకంటే గట్టిగా నిరూపించే ఉదాహరణ దొరకదు. అదే శీతాకాలంలో మెమరీ పరీక్ష తొలగిపోతే మాత్రం ఆ స్థాయి నిరసన రాలేదు. భాగహారపు తప్పును ఎవరైనా తమ యంత్రంలో చేసి చూడవచ్చు, పక్కవారికి చూపించవచ్చు. మెమరీ తప్పు మళ్లీ అదే విధంగా జరగదు. పరీక్ష లేని యంత్రంలో అది జరిగిందని చెప్పే సాక్షి కూడా ఉండదు.

తొలగింపును సమర్థించినవారి వాదనలు పూర్తిగా నిరాధారమైనవి కావు. 1978 తర్వాత చిప్ తయారీదారులు తొడుగుల పదార్థాలను శుద్ధి చేశారు, చిప్ మీద రక్షణ పూతలు వేశారు, కెపాసిటర్ల నిర్మాణాన్ని మార్చారు. ఫలితంగా ఒక్కో బిట్‌కు వచ్చే తాత్కాలిక దోషాల రేటు బాగా తగ్గింది. కానీ బిట్ల సంఖ్య అంతకంటే వేగంగా పెరుగుతూ వచ్చిందన్న విషయం ఆ వాదనలో కొట్టుకుపోయింది. రెండో కారణం ఆనాటి సాఫ్ట్‌వేర్. విండోస్ 3.1 నాటి యంత్రం రోజుకొకసారి ఆగిపోవడం మామూలు విషయం. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చాక కూడా నీలితెర సుపరిచితమే. ఆ గందరగోళంలో ఏ ఆటంకం ప్రోగ్రాం లోపం వల్ల వచ్చిందో, ఏది మెమరీ దోషం వల్ల వచ్చిందో విడదీయగల సాధనం పారిటీ ఒక్కటే, అది పోయింది. ఫలితంగా మెమరీ తప్పులన్నీ సాఫ్ట్‌వేర్ ఖాతాలో పడ్డాయి. చెడిన మాడ్యూలు వల్ల యంత్రం ఆగుతుంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తుడిచి మళ్లీ వేసుకోవడం, వైరస్ ఉందేమోనని వెతకడం, చివరికి రాత్రంతా మెమరీ పరీక్షా ప్రోగ్రాంను నడిపి చూడటం వాడుకదారులకు అలవాటైపోయాయి. ఈసీసీ ఉన్న యంత్రమైతే దోషాన్ని దిద్దడమే కాక ఏ మాడ్యూలులో దోషం వచ్చిందో నమోదు చేసి చెప్పగలదు. రెండు వేల డాలర్ల యంత్రం మీద 60 డాలర్లు ఆదా చేసి, లోపం ఎక్కడుందో తెలియని యంత్రంతో వాడుకదారుడు పోగొట్టుకున్న గంటలను ఎవరూ లెక్కలో చూపలేదు.

ఖర్చు వాదన కూడా ఎంతోకాలం నిలవలేదు. 1996లో మెమరీ ధరలు కుప్పకూలి ఏడాది చివరికి మెగాబైట్ 10 డాలర్లలోపు పడిపోయింది. అప్పటికి 60 డాలర్ల భారం 20 డాలర్లకన్నా కిందికి దిగింది. తొమ్మిదో చిప్ మాత్రం ఇంటి యంత్రాలకు తిరిగి రాలేదు. ఒకసారి ఎనిమిది చిప్‌ల మాడ్యూలు సాధారణ సరుకై, తొమ్మిది చిప్‌లది ప్రత్యేక సరుకయ్యాక, తక్కువ సంఖ్యలో తయారయ్యే ఆ రెండోదాని ధర ఎనిమిదో వంతు కంటే ఎక్కువే పలికింది. 1997 ఫిబ్రవరిలో కాంపాక్ 999 డాలర్లకు ప్రెసారియో 2100ను తెచ్చి వెయ్యి డాలర్లలోపు కంప్యూటర్ల శకాన్ని ప్రారంభించాక దాని గురించి అడిగేవారే కరవయ్యారు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల విడిభాగాలు కొని కూర్పించుకున్న అసెంబుల్డ్ కంప్యూటర్లతో ఈ రంగంలో అడుగుపెట్టిన తెలుగు యువతరానికి ప్రాసెసర్ వేగమూ, హార్డ్‌డిస్క్ పరిమాణమూ, మెమరీ మెగాబైట్లూ కంఠతా తెలుసు. అక్కడా అమ్ముడైంది ఎనిమిది చిప్‌ల సాధారణ సరుకే.

మిగిలిన దశ వ్యాపార విభజనది. 1998 జూన్‌లో ఇంటెల్ సర్వర్ల కోసం జియాన్ అనే ప్రత్యేక పేరుతో ప్రాసెసర్లను తెచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఖరీదైన బల్లమీది చిప్‌సెట్లలో ఈసీసీ అక్కడక్కడా కొనసాగినా, 1999 నాటి 810 వంటి చవక చిప్‌సెట్లలో అది లేదు. 2008లో వచ్చిన కోర్ ఐ7 మెమరీ నియంత్రణను చిప్‌సెట్ నుంచి ప్రాసెసర్‌లోకే తెచ్చింది; ఒకే మూలనిర్మాణం మీద తయారైనా జియాన్ పేరున్నదానికి ఈసీసీ అందింది, కోర్ ఐ7 పేరున్నదానికి అందలేదు. అంటే సాంకేతికంగా సాధ్యమైన రక్షణను ధరల శ్రేణిని కాపాడుకోవడం కోసం కిందితరగతి యంత్రాలకు నిరాకరించారు. ఏఎండీ 2003 నాటి తన అథ్లాన్ 64లో ఆ ద్వారాన్ని మూయలేదు, కానీ మదర్‌బోర్డు తయారీదారులు సహకరిస్తేనే అది పనికొచ్చేది. మొదటి దశలో తొమ్మిదో చిప్‌ను తీసింది ధరల పోటీ అయితే, దాన్ని తిరిగి రానివ్వనిది ఈ విభజనే అన్నది ఈ రచన నిర్ధారణ; మొదటి దానికి ఆనాటి ధరలే కొంత సమర్థన, రెండోదానికి అటువంటి సమర్థన ఏదీ కనబడదు.

రక్షణ లేని మెమరీ వల్ల కలిగే హాని స్వభావం అంత తేలిగ్గా తట్టదు. హార్డ్‌డిస్క్ మీద ప్రతి భాగానికీ దిద్దుబాటు సంకేతం ఉంటుంది. నెట్‌వర్క్‌లో వెళ్లే ప్రతి పొట్లానికీ సరిచూపు సంఖ్య ఉంటుంది. కానీ ఒక అంకె డిస్క్‌కు చేరకముందే, మెమరీలో ఉండగానే మారిపోతే, ఆ తప్పు అంకెకే డిస్క్ నిర్దుష్టమైన సంకేతం కట్టి భద్రపరుస్తుంది, నెట్‌వర్క్ దాన్నే నమ్మకంగా అవతలికి చేరుస్తుంది, మరునాటి బ్యాకప్ దాన్నే నకలు తీసుకుంటుంది. గొలుసులోని మిగిలిన లంకెలు ఎంత బలంగా ఉంటే ఆ తప్పు అంత పదిలంగా నిలుస్తుంది.

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌ను ఆనుకుని ఉన్న షార్‌బీక్‌లో 2003 మే 18న జరిగిన ఎన్నికలలో ఒక అభ్యర్థికి రావలసిన వాటికంటే సరిగ్గా 4,096 ఓట్లు ఎక్కువ నమోదయ్యాయి. సాధ్యమయ్యే ఓట్ల సంఖ్యనే ఆ మొత్తం మించిపోవడంతో అధికారులు గుర్తించి, ఓటర్ల అయస్కాంత కార్డులను తిరిగి లెక్కించారు. ప్రోగ్రాంలో ఏ లోపమూ దొరకలేదు. 4,096 అన్నది రెండును పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య, అంటే లెక్కలోని పదమూడో బిట్ విలువ. ఆ ఒక్క బిట్ దానంతటదే సున్నా నుంచి ఒకటిగా మారడమే కారణమై ఉంటుందని నిపుణులు అభిప్రాయపడ్డారు. మారినది మూడో బిట్ అయి ఉంటే తేడా నాలుగు ఓట్లే అయ్యేది, ఎవరికీ అనుమానం కలిగేది కాదు.

ఇటువంటి సంఘటనలు ఎంత తరచుగా జరుగుతాయో చెప్పగల పెద్ద కొలత ఆ రోజుల్లో బహిరంగంగా అందుబాటులో లేదు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజనీర్లతో కలిసి ఆ సంస్థ సర్వర్లలోని మెమరీని రెండున్నరేళ్లపాటు పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనం ఆ లోటును తీర్చి, అందరి అంచనాలనూ తలకిందులు చేసింది. మెమరీ దోషం ప్రమాదవశాత్తూ వచ్చేది మాత్రమే కాదనీ, పక్క వరసలను పదేపదే తట్టి దాన్ని కావాలని పుట్టించవచ్చనీ 2014లో వెల్లడించిన రోహ్యామర్ పరిశోధన కూడా దాని వెనకే వచ్చింది. ఆ రెండింటి కథ వచ్చే భాగంలో. గూగుల్ అధ్యయనంలో ఏడాది తిరిగేసరికి కనీసం ఒక మెమరీ దోషమైనా నమోదైన యంత్రాలు మొత్తంలో దాదాపు మూడో వంతు.